రాతికట్టల దగ్గర బుల్లి చేపల్ని చూడటం ఎలా? నెల్లూరు, ప్రకాశం తీరానికి ఒక సమగ్ర మార్గదర్శి

నెల్లూరు వాళ్ల దగ్గర చేప మాటెత్తితే సంభాషణ రెండు నిమిషాల్లో పులుసు మీదికి వెళ్తుంది. ఈ వ్యాసం మాత్రం పులుసుకు పనికిరాని చేప గురించి. చూపుడువేలంత పొడవుంటుంది. ఒంటికి పొలుసు ఉండదు, అంతా జిగురే. రంగు చూస్తే పక్కనున్న రాయి రంగే. బజార్లో ఎవరూ అమ్మరు, వలలో పడినా ఎవరూ ఏరుకోరు. రాతి కన్నంలోకి తోక వైపు నుంచి వెనక్కి దూరి, తల మాత్రం బయటపెట్టి కూర్చుంటుంది. దీన్ని బ్లెన్నీ అంటారు. అవే రాళ్ల మధ్య, నీటి అడుగునే కాపురం ఉండే ఇంకో చేప గోబీ. ప్రపంచం మొత్తం మీద బ్లెన్నీల్లో దాదాపు 400 రకాలు, గోబీల్లో 2,000కు దగ్గరగా రకాలు ఉన్నాయి. కాబట్టి "ఏ రకమో చెప్పు" అని ఎవరైనా నిలదీస్తే కంగారు పడక్కర్లేదు. బ్లెన్నీయా గోబీయా అన్నది తేల్చగలిగితే మొదటి ఏడాదికి అది చాలు.

ఒక విషయం ముందే చెప్పాలి. నడుస్తూ వెతికేవాళ్లకు ఈ చేప కనపడదు. ఒకచోట కుదురుగా కూర్చున్నవాళ్లకే కనపడుతుంది. చోటు, తిథి, సామాను అంటూ కింద చెప్పేవన్నీ ఆ కూర్చోవడం కోసం చేసుకునే ఏర్పాట్లే.

చోటు ఎంచుకోవడం

మన తీరం దాదాపు అంతా ఇసుక. మైపాడు వెళ్లినా, కొత్తకోడూరు వెళ్లినా, పాకల వెళ్లినా, కొత్తపట్నం వెళ్లినా అదే చదునైన ఇసుక, అవే సరుగుడు తోపులు. విశాఖలో యారాడ, రుషికొండ వైపు లాగా సముద్రంలోకి దిగిన కొండరాళ్లు మనకు లేవు. ఇసుకలో బ్లెన్నీకి బతుకు లేదు. దానికి దాక్కోవడానికి కన్నం కావాలి, గీరుకుని తినడానికి పాచి పట్టిన గట్టి రాయి కావాలి. బీచ్‌కు వెళ్లి అలల్లో కాళ్లు తడుపుకుంటూ "ఏవీ బ్లెన్నీలు?" అంటే రావు.

మనకున్న రాళ్లన్నీ మనుషులు లారీల్లో తెచ్చి పోసినవే. బోగోలు మండలంలోని జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్, కృష్ణపట్నం, రామాయపట్నం పోర్టుల రాతికట్టలు, అలల కోతను ఆపడానికి అక్కడక్కడా వేసిన రాళ్ల వరసలు, కాలవల మీది వంతెనల స్తంభాలు, బకింగ్‌హామ్ కాలవ పాత లాకుల రాతిగోడలు. కాలవ, వంతెన దగ్గర నీళ్లు ఉప్పూ తీపీ కలిసినవి కాబట్టి అక్కడ బ్లెన్నీ కంటే గోబీ కనపడే అవకాశమే ఎక్కువ.

పోర్టుల లోపలికి అనుమతి లేకుండా వెళ్లకూడదు. గేటు దగ్గర సెక్యూరిటీతో వాదించి లాభం లేదు, చేపల్ని చూడటానికొచ్చామంటే వాళ్లు నమ్మరు కూడా. ఫిషింగ్ హార్బర్‌లోనైనా అక్కడి సిబ్బందిని అడిగి, పడవల పనికి అడ్డం రాకుండా ఒక మూల చూసుకోవాలి. ఊరి పక్కన వేసిన రాళ్లయితే ఆ పాలెం వాళ్లకు ఒక మాట చెప్పండి. కెమెరా పట్టుకుని రాళ్ల మీద తిరిగే కొత్త మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

మనుషులు పోసిన రాళ్లలోకి చేప ఎలా వస్తుందని సందేహం రావచ్చు. బ్లెన్నీ గుడ్లను కన్నం లోపలి గోడకు అంటించి పెడుతుంది. పిల్లలు బయటికొచ్చాక కొన్నాళ్లు సముద్రపు పైనీళ్లలో ప్రవాహం ఎటు పోతే అటు కొట్టుకుపోతాయి. ఆ దశలో అవి అడుగున బతికే చేపలు కావు, గాజు ముక్కలంత పారదర్శకంగా ఉండే నలుసులు. గట్టి రాయి దొరికిన రోజున అక్కడ దిగి కాపురం పెడతాయి. కాబట్టి ఎక్కడ రాతికట్ట వేసినా కొన్నాళ్లకు ఏదో ఒక చేప వచ్చి చేరుతుంది.

ఇందులోనే ఒక కథ ఉంది. ఓమోబ్రాంకస్ పంక్టాటస్ అని ఒక బ్లెన్నీ. దాని సొంత ఊరు హిందూ మహాసముద్రం, పడమటి పసిఫిక్ తీరాలు, మన దేశం కూడా అందులో భాగమే. అది ఎక్కడో అట్లాంటిక్ అవతల ట్రినిడాడ్‌లో కనపడింది. 1845 నుంచి 1917 దాకా మన దేశం నుంచి చెరకు తోటల్లో పనికి కూలీలను తీసుకెళ్లిన ఓడల అడుగున గుల్లలు పట్టి ఉండేవి, ఆ గుల్లల్లో దాక్కుని ఈ చేప కూడా ప్రయాణం చేసి ఉంటుందని పరిశోధకుల అంచనా. ఆ ఓడల్లో ఎక్కువ భాగం కలకత్తా నుంచి వెళ్లినవి, కొన్ని మద్రాసు నుంచి వెళ్లినవి. మద్రాసులో ఓడెక్కిన వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. పైన మనుషులు, కింద చేపలు. ఖాళీ గుల్ల, పైపు ముక్క, సీసా మూతి, ఏది దొరికితే అదే ఇల్లు చేసుకునే చేప కాబట్టి ఈ అంచనా నమ్మదగ్గదిగానే ఉంది.

రాళ్ల దగ్గరికి చేరాక ఏ రాయి అన్నది చూసుకోవాలి. కొత్తగా పోసిన తెల్లటి రాయి అందంగా ఉంటుంది గానీ దాని మీద చేపకు తిండి లేదు. ముందు జిగురు పొర, తర్వాత పచ్చ పాచి, తర్వాత గుల్లలు పట్టాలి. రాతికట్టను పక్కనుంచి చూస్తే అడ్డంగా పట్టీలు కనపడతాయి. పైన పొడి రాయి మీద గోరంత నత్తలు. దాని కింద తెల్లగా, గరుగ్గా, రాయికి సిమెంటు వేసినంత గట్టిగా అంటుకున్న బార్నకిల్స్, ఆల్చిప్పలు. ఇంకా కింద ఎప్పుడూ తడిగా ఉండే పాచి పట్టీ. గుల్లల పట్టీ అయిపోయి పాచి పట్టీ మొదలయ్యే ఆ జానెడు వెడల్పు చోటే మీక్కావాల్సింది. అక్కడ రాళ్ల మధ్య బేసినంత గుంటలో నీళ్లు నిలిచి ఉంటే ఇక వెతుకులాట ఆపేయొచ్చు.

కట్టకు రెండు వైపులుంటాయి. సముద్రం వైపు పెద్ద బండలు, వాటి మీద నాలుగు కాళ్ల కాంక్రీటు టెట్రాపాడ్లు. వాటి సందులు మనిషి పట్టేంత లోతు. అటు వెళ్లకండి. హార్బర్ వైపు రాళ్లు చిన్నవి, అల తక్కువ, నీళ్లు కాస్త మడ్డిగా ఉన్నా కూర్చోవడానికి వీలు. నా ఓటు ఎప్పుడూ లోపలి వైపుకే.

తిథి చూసుకోవడం

ఈ పనికి క్యాలెండర్ కంటే పంచాంగం బాగా పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి. అంటే పాడ్యమి, విదియ తిథులు మనకు శ్రేష్ఠం. అష్టమి, నవమి, దశమి రోజుల్లో నీళ్లు ఎక్కేదీ తక్కువే, దిగేదీ తక్కువే. అష్టమి నవముల్లో పని మొదలుపెట్టకూడదని పెద్దవాళ్లు అంటారు. మిగతా పనుల సంగతి ఏమో గానీ ఈ పనికి ఆ మాట అక్షరాలా నిజం.

మన తీరంలో రోజుకు నీళ్లు ఎక్కే పోట్లు రెండు, నీళ్లు తీసే పాట్లు రెండు. పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఇవాళ ఉదయం ఏడింటికి నీళ్లు పూర్తిగా తీస్తే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా తీస్తాయి. గుజరాత్‌లో లాగా మన దగ్గర సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోదు. మంచి తిథి నాడు కూడా తేడా సుమారు ఒక మీటరు. బ్లెన్నీని చూడటానికి ఆ మీటరు చాలు, అయితే దాన్ని వృథా చేసుకోకూడదు. నీళ్లు పూర్తిగా తీసే సమయానికి గంటన్నర ముందే చేరుకోండి. పోటు తిరిగిన అరగంటకు లేవండి. దగ్గరి పోర్టుకు ఏ రోజు ఏ వేళకు పోటు, పాటు అన్నది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో ముందుగానే ఇస్తారు. అలల హెచ్చరికలు కూడా అక్కడే ఉంటాయి. బయల్దేరే ముందు రెండూ చూడాలి.

నెలల విషయానికొస్తే సంక్రాంతి వెళ్లాక ఉగాది దాకా బాగుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. పెన్నా, గుండ్లకమ్మ తెచ్చే మట్టితో నీళ్లు టీ రంగులో ఉంటాయి, సముద్రం కూడా కుదురుగా ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మరపడవలు కట్టేసి ఉంటాయి, హార్బర్ నీళ్లలో కదలిక తక్కువ. చూపుకు అది మంచిదే గానీ ఎండ మనల్ని బతకనివ్వదు. ఆ రెండు నెలల్లో వెళ్లదలిస్తే తెల్లారేసరికి రాళ్ల దగ్గర ఉండి, తొమ్మిదింటికి వెనక్కి రావాలి.

రోజులో ఎప్పుడైనా ఉదయమే నయం. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి లేస్తుంది, గుంటలో నీళ్లు వణకడం మొదలెడతాయి, లోపల ఏముందో కనపడదు. ఉదయం పూట ఒక చిక్కుంది. సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు కాబట్టి అటు తిరిగితే కళ్లలో మెరుపు, ఇటు తిరిగితే మీ నీడ గుంట మీద పడుతుంది. సూర్యుణ్ని భుజం పక్కన పెట్టుకుని కూర్చోండి. నీడ పక్కకు పోతుంది.

సామాను

పెద్దగా ఏమీ అక్కర్లేదు. అడుగున రబ్బరు పట్టు ఉన్న, వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా పాత కాన్వాస్ బూట్లు. హవాయి చెప్పులు వద్దే వద్దు. టోపీ, నీళ్లు, మోకాళ్ల కింద వేసుకోవడానికి మడిచిన గోనెసంచి. గోనెసంచి చిన్న విషయం అనిపిస్తుంది, బార్నకిల్స్ మీద అరగంట కూర్చుంటే దాని విలువ తెలుస్తుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉంటే నీటి మీది మెరుపు సగానికి సగం తగ్గుతుంది.

అన్నిటికంటే పనికొచ్చేది డబ్బుతో కొనేది కాదు. కర్రీ పాయింట్ వాళ్లు పార్శిల్ ఇచ్చే అడుగు చదునైన పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది కదా, దాన్ని కడిగి దాచుకోండి. మూత తీసి, అడుగు భాగాన్ని నీటి మీద ఒక అంగుళం లోపలికి నొక్కి, పైనుంచి చూడండి. అలల గీతలన్నీ మాయమై అడుగున ఇసుక రేణువులు కూడా విడివిడిగా కనపడతాయి. కొంచెం ఓపిక ఉంటే పాత పెయింట్ బకెట్ అడుగు కోసి, అక్కడ గాజు పలకను సిలికాన్‌తో అతికించుకోవచ్చు. వంగకుండా చూడటానికి అది ఇంకా సుఖం.

పెన్సిల్, చిన్న పుస్తకం, ఒక పది రూపాయల నాణెం. నాణెం ఎందుకంటే దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. చేప దిగిన రాయి మీద దాన్ని పెట్టి ఒక ఫోటో తీసుకుంటే ఇంటికొచ్చాక చేప పొడవు లెక్క కట్టుకోవచ్చు. పెన్నయితే తడికి కారిపోతుంది, పెన్సిలే మేలు.

వల, గాలం తీసుకెళ్లకండి. చేతిలో వల ఉంటే పట్టాలనిపిస్తుంది. పట్టడం మొదలయ్యాక చూడటం ఆగిపోతుంది.

ప్రాణం ముఖ్యం

ఒంటరిగా వెళ్లొద్దు. రాళ్ల మీద అడుగుపెట్టే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి అలల్ని చూడండి. చిన్న అలలు వరసగా వచ్చి వచ్చి, మధ్యలో ఒకటి ఎత్తుగా వస్తుంది. ఆ ఎత్తు అల ఎంతవరకు తడిపిందో చూసి, దానికి పైనే తిరగాలి. నల్లగా మెరిసే తడి రాయి, పచ్చటి పాచి రాయి రెండూ జారతాయి. గుల్లలున్న గరుకు రాయి మీదే అడుగు పడాలి. అయితే దాని మీద పడితే చర్మం కోసుకుపోతుంది కాబట్టి చేతులు ఖాళీగా ఉంచుకుని, ఫోన్ జేబులో పెట్టుకుని నడవాలి.

కన్నాల్లో వేళ్లు పెట్టకండి. బ్లెన్నీ ఉన్న కన్నం పక్క కన్నంలో ఎండ్రకాయ ఉండొచ్చు, పాములా ఉండే మోరే ఈల్ ఉండొచ్చు. వలల్లోంచి ఏరి పారేసిన జెల్లలు, ముళ్లున్న ఇతర చేపలు, ఒక్కోసారి సముద్రపు పాములు కూడా హార్బర్ ఒడ్డున పడి ఉంటాయి. చచ్చినట్టు కనిపించినా ముట్టుకోవద్దు. చేప ముల్లు గుచ్చుకుంటే ఆ చోటును ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి తగ్గుతుంది. చర్మం కాలేంత వేడి వద్దు. ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్లాలి, లోపల ముల్లు ముక్క విరిగి ఉండొచ్చు. పాము కరిస్తే వేడి నీళ్లూ నాటు మందులూ ఏవీ వద్దు, నేరుగా ఆస్పత్రికే.

కూర్చోవడం

ఒక్క గుంటను ఎంచుకోండి. ఒక్కదాన్నే. పక్క గుంటలో ఇంకా బాగుంటుందేమోనన్న ఆశ పది నిమిషాలకొకసారి పుడుతుంది, దాన్ని పట్టించుకోకూడదు.

గోనెసంచి పరిచి కూర్చుని, డబ్బా ఒకసారి నీటి మీద పెట్టాక ఇక కదపకండి. మీరు వచ్చిన క్షణంలోనే లోపలున్నవన్నీ దాక్కున్నాయి. మొదటి రెండు మూడు నిమిషాలు ఖాళీ గుంటే కనపడుతుంది. తర్వాత నత్త గుల్ల ఒకటి నడవడం మొదలెడుతుంది. అది నత్త కాదు, ఖాళీ గుల్లలో దూరిన సన్యాసి పీత. దాని వెనక గాజు రంగు చిన్న రొయ్యలు వస్తాయి. వాటి ఒళ్లు కనపడకపోయినా ఇసుక మీద నీడ కనపడుతుంది. రొయ్యలు బయటికొచ్చాయంటే మిమ్మల్ని రాయి కింద లెక్కేసుకున్నట్టే. ఇక కన్నాల మీద చూపు పెట్టండి.

చేపను వెతక్కండి, కళ్లను వెతకండి. ఖాళీ బార్నకిల్ గుల్లలోనో, రాతి పగులులోనో రెండు గుండ్రటి చుక్కలు కనపడతాయి. తలకు మరీ పైభాగాన, కప్పకు ఉన్నట్టు ఉబ్బి ఉంటాయి. కాసేపు చూస్తే ఒక కన్ను మీ వైపు, ఇంకో కన్ను రొయ్య వైపు తిరగడం కూడా తెలుస్తుంది. రెండు కళ్లనూ విడివిడిగా తిప్పగలదు. చాలా రకాలకు కళ్ల పైన కనుబొమ్మల జాగాలో దారప్పోగుల్లాంటి చిన్న కుచ్చులుంటాయి. ముఖం మొద్దుగా, నుదురు నిటారుగా, పెదాలు మందంగా ఉండి ఎవరి మీదో అలిగిన మనిషిలా కనపడుతుంది.

అది పూర్తిగా బయటికి రావడానికి ఇంకో అయిదు నిమిషాలు పట్టొచ్చు. వచ్చినప్పుడు ఈదుతూ రాదు. జారుతుంది, ఆగుతుంది, మళ్లీ జారుతుంది. ఎదిగిన బ్లెన్నీలకు ఒంటిని నీళ్లలో తేల్చే గాలితిత్తి ఉండదు, కాబట్టి తోక ఆపితే రాయిలా అడుగుకు దిగిపోతుంది. ఆగినప్పుడు గొంతు కింద చూడండి. వేళ్లలాంటి సన్నటి రెండు రెక్కలు నేలకు ఆనించి ఒంటిని నిలబెట్టి ఉంచుతాయి. అలా నిలబడి రాయి మీద నోరు పెట్టి టకటకా గీకుతుంది. దాని పళ్లు దువ్వెన పళ్లలా సన్నగా, వరసగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. పాచినీ దానికి అంటుకున్న మడ్డినీ గీరి తింటుంది. గీకిన చోట పచ్చటి రాయి మీద చిన్న లేత మచ్చ మిగులుతుంది. ఒక రాయి మీద అలాంటి మచ్చలు చాలా ఉంటే అక్కడ చేప ఇప్పుడు కనపడకపోయినా ఇల్లు దగ్గర్లోనే ఉన్నట్టు.

ఇలా కూర్చుని ఉంటే చుట్టుపక్కల వాళ్ల పలకరింపులు తప్పవు. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి అడిగారు.

"ఏంది నాయనా, తాళాలు పారేసుకున్నావా?"

"కాదు పెద్దాయనా, చేపల్ని చూస్తన్నా."

"ఈ రాళ్లల్లో యాటినా? అయ్యి కూరక్కూడా రావు."

అని, కాసేపాగి ఆయనే వచ్చి పక్కన గొంతుకూర్చుని ఇంకో నాలుగు కన్నాలు చూపించారు. పడవ కట్టే తాడు రాసుకుని అరిగిన రాయి పక్కన ఉన్న కన్నం ఆయన చూపించిందే. పుస్తకాల్లో దొరకని సమాచారం ఇలాంటి వాళ్ల దగ్గర ఉంటుంది. స్థానిక పేరేదైనా చెప్తే చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. 1803లో విశాఖ తీరపు 200 చేపల వర్ణనలు అచ్చు వేయించిన డాక్టర్ పాట్రిక్ రస్సెల్ కూడా వాటికి అక్కడి జాలర్లు చెప్పిన పేర్లనే పెట్టాడు.

బ్లెన్నీయా, గోబీయా?

వీపు చూడండి. బ్లెన్నీకి మెడ దగ్గర మొదలైన రెక్క తోక దాకా ఒకే పొడుగాటి రెక్కగా సాగుతుంది, మధ్యలో చిన్న నొక్కు ఉంటే ఉండొచ్చు. గోబీకి వీపు మీద రెండు రెక్కలు విడివిడిగా ఉంటాయి. ఇదొక్కటే దూరం నుంచి నమ్మదగ్గ గుర్తు.

పొట్ట వైపు తేడా ఇంకా స్పష్టం, అది కనపడటమే కష్టం. గోబీకి కింది రెక్కలు రెండూ కలిసిపోయి గిన్నెలా తయారై ఉంటాయి. దాంతో రాయికి కరుచుకుంటుంది. అల వచ్చి గుంటను ఊపినప్పుడు రాయికి నిలువుగా అతుక్కుని కొంచెం కూడా జారని చేప ఉంటే గోబీ అనుకోవచ్చు. బ్లెన్నీ అయితే అల వచ్చేసరికి కన్నంలోకి వెళ్లిపోతుంది. గోబీకి సాధారణంగా పొలుసు ఉంటుంది, ఒంటి మీద మచ్చలు అడ్డ వరసల్లో కనపడతాయి. ఇసకదొందు పేరుతో చాలామందికి తెలిసిన చేప కూడా గోబీ కుటుంబమే, అది మంచినీళ్లలోనూ ఏరు సముద్రంలో కలిసే చోట్లలోనూ ఉంటుంది. దాన్ని ఒకసారి చూసినవాళ్లకు రాళ్లలోని గోబీ ముఖం వెంటనే పరిచయంగా అనిపిస్తుంది.

గుంట మధ్యలో నీళ్లలో తేలుతూ తిరిగే చారల చేపపిల్లలు ఈ రెండూ కావు. అవి అడుగున కూర్చోవు.

నీళ్లకు పైన, తడి రాయి మీద ఏదో టప్పున ఎగిరి ఇంకో రాయి మీద పడితే అది కప్ప అనుకుని వదిలేయకండి. కొన్ని బ్లెన్నీలు అల చిమ్మే చోట నీటి బయటే పాచి మేస్తాయి. తోకను పక్కకు వంచి ఒక్క తన్ను తన్నుకుని ఎగురుతాయి. చర్మం తడిగా ఉన్నంతసేపు గాలిలోంచే ఊపిరి తీసుకోగలవు.

ఇంకాసేపు ఉండగలిగితే

ఒకే కన్నంలో ఒకే చేప ఎప్పుడు చూసినా ఉండి, బయటికొచ్చినా వెంటనే లోపలికి పోతుంటే అది గుడ్లు కాసే మగచేప కావచ్చు. బ్లెన్నీల్లో, గోబీల్లో గుడ్ల కాపలా ఎక్కువగా తండ్రిదే. ఆడచేప వచ్చి కన్నం గోడకు ఒక వరసలో గుడ్లు అంటించి వెళ్లిపోతుంది. ఒక్కో కన్నంలో ఒకరికంటే ఎక్కువ ఆడచేపల గుడ్లు ఉండటమూ మామూలే. మగచేప రెక్కలతో, తోకతో వాటి మీదికి నీళ్లు విసురుతూ, చెడిపోయిన వాటిని తీసేస్తూ పొదిగేదాకా కాస్తుంది. ఈ రోజుల్లో కొన్ని రకాల మగచేపల తల నల్లబడుతుంది లేదా రంగు తేలుతుంది. ఇంకో మగచేప దగ్గరికొస్తే నోరు బార్లా తెరిచి బెదిరిస్తుంది. అలాంటి కన్నం కనపడితే డబ్బాను ఇంకాస్త దూరం జరపండి. మీకు భయపడి అది బయటికి పారిపోతే గుడ్లు ఎండ్రకాయల పాలవుతాయి.

పిల్లలతో వెళ్తే

పిల్లలు చూడటంతో తృప్తి పడరు, పట్టుకుంటామంటారు. పూర్తిగా వద్దంటే వినరు కాబట్టి ఒక పద్ధతి పెట్టుకోవాలి. తెల్ల ప్లాస్టిక్ టబ్బులో ఆ గుంట నీళ్లే పోయండి. చేప తనంతట తాను టబ్బులోకి వస్తే సరే, చేత్తో పట్టి నలపకూడదు, దాని ఒంటి మీది జిగురే దానికి రక్ష. రెండు నిమిషాలు చూసి, పట్టిన గుంటలోనే వదిలేయాలి. అదే గుంట, అదే రాయి పక్కన.

ఎక్కడో ఒకచోట వదిలితే ఏమైందని పిల్లలు అడుగుతారు. దానికి ఈ సంగతి చెప్పండి. అమెరికా పరిశోధకుడు లెస్టర్ అరాన్సన్ 1951లో అట్లాంటిక్ రాతి గుంటల్లో ఉండే ఒక గోబీ గురించి ఆశ్చర్యకరమైన ఫలితాలు ప్రచురించారు. ఆ చేపను తరిమితే తనున్న గుంటలోంచి ఎగిరి పక్క గుంటలో సరిగ్గా పడుతుంది, గుంటలోంచి పక్క గుంట కనపడకపోయినా సరే. ఇదెలా సాధ్యం? పోటు వేళ నీళ్లు అన్నిటినీ కప్పినప్పుడు ఆ రాళ్ల మీద ఈదుతూ ఎక్కడ పల్లం ఉందో గుర్తుపెట్టుకుంటుంది. నీళ్లు తీశాక ఆ జ్ఞాపకంతోనే ఎగురుతుంది. ఆ తర్వాత చేసిన ప్రయోగాల్లో ఆ జ్ఞాపకం వారాల తరబడి నిలిచినట్టు తేలింది. మరి తెలియని చోట వదిలిన చేపకు ఆ పటం ఉండదు. ఈ కథ విన్న పిల్లలు టబ్బును వాళ్లే మోసుకెళ్లి సరిగ్గా అదే గుంటలో ఒంపుతారు.

ఎండలో టబ్బు నీళ్లు నిమిషాల్లో వేడెక్కుతాయి, నీడలోనే పెట్టాలి. రాయి ఎత్తి చూస్తే దాన్ని మెల్లగా ఉన్నట్టే పెట్టేయాలి. తలకిందులైన రాయి మీద కింది వైపు బతికేవన్నీ ఎండకు మాడిపోతాయి. ఇంట్లో అక్వేరియంలో పెంచుదామన్న ఆలోచన వద్దు, ఉప్పునీటి తొట్టి నడపడం రంగు చేపల తొట్టి నడపడమంత తేలిక కాదు. నీటిగుర్రం, సముద్రపు దోసకాయ కనపడితే ముట్టుకోవద్దు. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు, ఇంటికి తెస్తే కేసే.

రాళ్లే లేని చోట

మీ ఊరికి దగ్గర్లో రాతికట్ట లేకపోతే బురద ఉండొచ్చు. కృష్ణపట్నం దగ్గరి ఉప్పుకాలవల పక్కన మడ చెట్లున్న బురద నేలల మీద నీళ్లు తీశాక గెంతులేసే చేపలుంటాయి. మడ్‌స్కిప్పర్ అంటారు, ఇవీ గోబీల దాయాదులే. చొరవ ఎక్కువ కాబట్టి బ్లెన్నీ కంటే తేలిగ్గా కనపడతాయి. మొప్పల అరలో నీళ్లు నిలవ పెట్టుకుని, తడి చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ గాలి పీల్చుకుంటాయి. అప్పుడప్పుడూ కళ్లను లోపలికి లాక్కుని తడుపుకుంటాయి. బురద బయటపడిన గంట తర్వాత వెళ్లి, గట్టు మీదే కూర్చుని బైనాక్యులర్స్‌తో చూడండి. బురదలోకి దిగితే నడుం దాకా కూరుకుపోయే చోట్లుంటాయి.

ఫోటో, నోట్సు

ఫోటో కంటే వీడియో తీయండి. చేప కదిలే క్షణం ఎప్పుడో తెలియదు, వీడియోలోంచి తర్వాత ఒక ఫ్రేమ్ తీసుకోవచ్చు. ఫోన్ లెన్సును డబ్బా లోపలి నుంచి అడుగుకు ఆనించి పెడితే మెరుపు రాదు. ఫ్లాష్ వద్దు. వీపు మొత్తం పక్కనుంచి కనపడే ఒక ఫ్రేమ్, తల దగ్గరగా ఒక ఫ్రేమ్, నాణెంతో రాయి ఫోటో ఒకటి, ఈ మూడూ ఉంటే తెలిసినవాళ్లు రకం చెప్పగలుగుతారు. జీవుల ఫోటోలు పెట్టి రకం అడిగే వెబ్‌సైట్ ఐనాచురలిస్ట్‌లో పెడితే అలాంటి వాళ్లు దొరుకుతారు.

పుస్తకంలో తేదీతో పాటు తిథి, నీళ్లు తీసిన వేళ, కట్టకు ఏ వైపు, గుల్లల పట్టీకి పైనా కిందా, చేప ఏం చేస్తోంది అన్నవి రాయండి. "ఏమీ కనపడలేదు" అన్నది కూడా రాయాలి. అదే గుంటకు ఇంకో విదియ నాడు వెళ్లినప్పుడు అది పనికొస్తుంది.

ఇంటికొచ్చాక కళ్లద్దాలు, డబ్బా, బూట్లు మంచినీళ్లతో కడగాలి, ఉప్పు ఎండితే గీతలు పడతాయి. కాళ్లకు గుల్లల గీతలు పడి ఉంటే సబ్బుతో బాగా కడిగి, లోపల గుల్ల ముక్క లేదని చూసుకుని మందు రాయండి. గాయం లోతుగా ఉంటే డాక్టరుకు చూపించి, టీటీ ఇంజక్షన్ అవసరమో కాదో అడగండి. మరుసటి రోజుకు ఎర్రగా వాచి వేడిగా ఉంటే ఆలస్యం చేయకుండా వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లయితే గీత చిన్నదైనా సరే చూపించుకోవాలి.